షేక్ పొడితో బ్రౌనీ: ఏ డబ్బా పనికొస్తుంది, ఏది గిన్నెకు అంటుకుంటుంది

ముందే చెప్పేస్తే మంచిది. భోజనానికి బదులుగా తాగే చాక్లెట్ షేక్ పొడితో బ్రౌనీ చేయొచ్చు, తినదగ్గట్టుగానే వస్తుంది. అయితే అన్ని డబ్బాలతోనూ రాదు. డబ్బా మీద "కేలరీలు తక్కువ" అని ఉన్నంత మాత్రాన చివరికి చేతిలోకి వచ్చే ముక్కలో కేలరీలు తక్కువుంటాయన్న హామీ కూడా లేదు.

విశాఖలో ఈ పొడులు మందుల షాపుల్లో, సూపర్ మార్కెట్లలో, ఆన్‌లైన్‌లో, కాలనీల్లో పొద్దున్నే నడిచే షేక్ క్లబ్బుల్లో దొరుకుతాయి. పేర్లు ఎన్ని ఉన్నా వంటింటికి వచ్చేసరికి నాలుగే రకాలు. ఏ రకమో తెలుసుకోవడానికి ముందువైపు బొమ్మ అక్కర్లేదు. వెనక పదార్థాల జాబితా తీసి మొదటి మూడు పేర్లు చదవండి. మన దేశంలో ఆ జాబితాను బరువు ప్రకారం, ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి. కాబట్టి మొదట ఏముందో పొడి స్వభావం అదే. హార్లిక్స్, బూస్ట్ లాంటి మాల్ట్ పానీయాల పొడులు ఈ లెక్కలోకి రావు. అవి పాలలో కలుపుకునేవే తప్ప భోజనానికి బదులుగా చేసినవి కావు. వాటితో చేసిన బ్రౌనీ రుచిగా ఉంటుంది గానీ అది మామూలు తీపి వంటకం కిందే లెక్క.

మొదటి పేరు వే ప్రొటీన్ (పాలు విరిగినప్పుడు వేరుపడే నీటి నుంచి తీసేది) గానీ పాల ప్రొటీన్ గానీ అయితే అది పాల రకం. రుచిలో ఇదే ముందుంటుంది, చాక్లెట్ వాసన శుభ్రంగా నిలుస్తుంది. చిక్కల్లా వేడితోనే. వే ప్రొటీన్ 70 డిగ్రీలు దాటాక విచ్చుకుని, ఒకదానికొకటి అల్లుకుని గట్టిపడుతుంది. ఇంకా వేడి పెడితే తనలోని నీటిని బయటికి నెట్టేస్తుంది. కోడిగుడ్డు తెల్లసొనను ఎక్కువసేపు ఉడికిస్తే సాగుతుందే, అదే సంగతి. అందుకే రెండు నిమిషాలు ఎక్కువైనా బ్రౌనీ రబ్బరు ముక్కలా తయారవుతుంది. సమయం మీద కన్ను వేసి ఉంచగలిగితే ఈ రకమే కొనండి.

ఐసొలేటెడ్ సోయా ప్రొటీన్ మొదట ఉంటే సోయా రకం. ఇది నీళ్లు విపరీతంగా తాగుతుంది. కలిపినప్పుడు జారుగా ఉన్న పిండి పది నిమిషాల్లో ముద్ద కట్టేస్తుంది. అది చూసుకోకుండా ఓవెన్‌లో పెడితే లోపల పొడిపొడిగా, పైన పగుళ్లతో దిగుతుంది. చప్పగా ఉండే సోయా వాసన ఒకటి అదనం, కాఫీ పడితే అది చాలావరకు అణుగుతుంది. వేడికి మాత్రం ఇది పాల రకం కన్నా ఓర్చుకుంటుంది. జాబితాలో పాల పేర్లేవీ లేకపోతే, పాలు పడనివాళ్లకు ఇదే దారి, అప్పుడు కింద చెప్పిన పాలు, పెరుగు స్థానంలో కూడా తియ్యదనం లేని సోయా పాలు, వెన్న స్థానంలో నూనె పోసుకోవాలి.

ఓట్స్, చిరుధాన్యాలు ముందున్నవి మూడో రకం. పిండిపదార్థం సహజంగానే ఉంటుంది కాబట్టి బ్రౌనీకి కావాల్సిన పట్టు బాగా వస్తుంది. మొదటిసారి చేసేవాళ్ల చేతిలో చెడిపోయే అవకాశం దీనికే తక్కువ. ప్రొటీన్ మాత్రం మిగతా రెండింటి కన్నా సాధారణంగా తక్కువే. డబ్బా మీది పోషకాల పట్టికలో 100 గ్రాముల గడిలో ఎంత ఉందో చూసి కొనండి.

నాలుగోది మాల్టోడెక్స్ట్రిన్ (పిండిపదార్థాన్ని విడగొట్టి చేసే పొడి) గానీ ఫ్రక్టోజ్ (పళ్లలో ఉండే రకం చక్కెర) గానీ ముందున్న రకం. దీన్ని బ్రౌనీకి వాడొద్దు. ఫ్రక్టోజ్ మామూలు పంచదార కన్నా చాలా తక్కువ వేడికే రంగు తిరుగుతుంది. మధ్యలో పచ్చిగా ఉండగానే అంచులు మాడి, అడుగున పాకంలా గిన్నెకు పట్టేస్తాయి. మాల్టోడెక్స్ట్రిన్ తియ్యగా ఉండదు కాబట్టి "పంచదార కలపలేదు" అన్న మాట పక్కనే హాయిగా కూర్చుంటుంది. రక్తంలో చక్కెరను మాత్రం త్వరగా పెంచుతుంది. షుగర్ ఉన్నవాళ్లు ఈ ఒక్క పేరునైనా గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

జాబితా చివర్లో కొన్ని అంకెలు ఉంటాయి, వాటినీ వదలొద్దు. 412 గ్వార్ గమ్, 415 జాంతన్ గమ్, 466 సెల్యులోజ్ గమ్. షేక్ చిక్కగా అనిపించడానికి వేసేవి ఇవి. రెండు మూడు కలిసి ఉన్న పొడితో చేస్తే బ్రౌనీ పంటికి అతుక్కునే జిగురుగా వస్తుంది, అప్పుడు కింది కొలతలో షేక్ పొడి 10 గ్రాములు తగ్గించి ఆ బరువుకు చోడి (రాగి) పిండి పెంచాలి. తీపి కోసం వేసేవాటిలో 951 అంటే అస్పర్టేమ్, వేడికి దాని తీపి పోతుంది. షేక్ ఎంత తియ్యగా ఉన్నా బ్రౌనీ చప్పబడటానికి కారణం చాలాసార్లు ఇదే. 960 స్టీవియా, వేడికి నిలుస్తుంది, మోతాదు మించితే చివర్లో చిరుచేదు. 968 ఎరిత్రిటాల్, చల్లారాక నోట్లో పుదీనా తిన్నట్టు చల్లగా తగులుతుంది, ఫ్రిజ్‌లో పెడితే పలుకు కడుతుంది. 955 సుక్రలోజ్. దీన్ని 120 డిగ్రీలు దాటించి వేడి చేస్తే హానికర పదార్థాలు ఏర్పడే వీలుందని జర్మనీ ప్రభుత్వ సంస్థ బీఎఫ్ఆర్ 2019లో హెచ్చరించింది. బ్రౌనీ మధ్య భాగం 100 డిగ్రీలు దాటదు గానీ అంచులూ అడుగూ దాటగలవు. సుక్రలోజ్ ఉన్న పొడే ఇంట్లో ఉంటే దాన్ని షేక్‌గానే తాగేయండి, ఓవెన్ కోసం స్టీవియా రకం చిన్న ప్యాకెట్ వేరే తెచ్చుకోండి.

ఇక కొలతలు. ఇవి పాల రకం పొడిని దృష్టిలో పెట్టుకుని రాసినవి, మిగతా రకాలకు మార్పులు మధ్యలో ఉన్నాయి. ఆరంగుళాల చదరపు టిన్నుకు సరిపోతాయి, నాలుగు ముక్కలవుతాయి. స్కూపు లెక్క నమ్మొద్దు. కంపెనీకో పరిమాణం ఉంటుంది, పైగా పొడి అదిమితే అదే స్కూపులో ఇంకాస్త పడుతుంది. వంటింటి త్రాసు మీద తూచండి.

చాక్లెట్ షేక్ పొడి 60 గ్రాములు. చోడి పిండి 15 గ్రాములు. తీపి లేని కోకో పొడి 10 గ్రాములు. బేకింగ్ పౌడర్ అర టీస్పూను, ఉప్పు చిటికెడు. వెన్న 10 గ్రాములు, టోన్డ్ పాలు 30 మిల్లీలీటర్లు, చిక్కటి కాఫీ డికాక్షన్ ఒక టేబుల్ స్పూను. బాగా పండిన అరటిపండు గుజ్జు 80 గ్రాములు, పులవని గట్టి పెరుగు 40 గ్రాములు, కోడిగుడ్డు ఒకటి.

చోడి పిండి ఎందుకంటే, ప్రొటీన్ పొడి ఒక్కటే వేస్తే బ్రౌనీకి పట్టు ఉండదు. కాస్తయినా పిండిపదార్థం కావాలి. మైదా బదులు చోడి వేస్తే రంగూ రుచీ చాక్లెట్‌లో ఇట్టే కలిసిపోతాయి, పావు కేజీ తెచ్చుకున్నా మిగిలింది అంబలికి పనికొస్తుంది. పచ్చిగా వేస్తే మాత్రం ఇసుక నమిలినట్టుంటుంది. చిన్న మంట మీద రెండు నిమిషాలు కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, తడిలో నాననివ్వాలి.

అరటిపండు చక్కెరకేళి అయితే మంచిది. గుజ్జు మెత్తగా ఉంటుంది, తీపి ఎక్కువ, పీచు తగలదు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార రైతు బజార్లలో సాయంత్రం పూట తొక్క మీద నల్ల మచ్చలొచ్చినవి దొరికితే అవే తీసుకోండి. అందంగా పసుపచ్చగా ఉన్నవాటిలో పిండి ఇంకా తీపిగా మారి ఉండదు. అరటి రుచి వద్దనుకుంటే ఉడికించిన గుమ్మడి గుజ్జు అంతే బరువు వేయొచ్చు, కేలరీలు ఇంకా తగ్గుతాయి, తీపి కూడా తగ్గుతుంది.

కాఫీ వేసేది కాఫీ రుచి కోసం కాదు. కోకోను లోతుగా చూపిస్తుంది, సోయా వాసననీ గుడ్డు నీచునీ కప్పేస్తుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా మన జిల్లా పక్కనే పండుతోంది. గిరిజన సహకార సంస్థ కేంద్ర కార్యాలయం ఉన్నదీ మన ఊళ్లోనే, ఆ సంస్థ అమ్మే కాఫీ పొడి నిక్షేపంగా సరిపోతుంది. చికోరీ కలిసిన పొడి వద్దు, చేదు మిగులుతుంది.

వెన్న తీసేయడం డైట్ పేరుతో అందరూ చేసే మొదటి పొరపాటు. ఆ 10 గ్రాముల్లో ఉన్నది 72 కేలరీలు, నాలుగు ముక్కలకు పంచితే ఒక్కోదానికి 18. ఆ పద్దెనిమిది మిగుల్చుకోబోతే మొత్తం బ్రౌనీ పోతుంది. ప్రొటీన్ పోగుల మధ్య కొవ్వు లేకపోతే అవి నేరుగా ఒకదానికొకటి పట్టేసుకుని స్పాంజీ ముక్కలా సాగుతాయి.

చేసే క్రమం ముఖ్యం. ఓటీజీని (చిన్న కరెంటు ఓవెన్‌ను) రెండు రాడ్లూ వెలిగించి 160 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ముందుగా వేడెక్కనివ్వండి. ఫ్యాన్ ఉన్న కన్వెక్షన్ మైక్రోవేవ్ అయితే 150 చాలు. టిన్నులో బటర్ పేపర్ రెండు వైపులా పైకి వచ్చేలా వేయండి, తర్వాత పట్టుకుని లేపడానికి. ఒక గిన్నెలో కోకో, వేయించిన చోడి పిండి, వెన్న వేసి, పాలూ డికాక్షనూ పొగలొచ్చేంత వేడిగా పోసి కలిపి పది నిమిషాలు వదిలేయండి. కోకో వేడి తడిలో నానితేనే వాసన విప్పుతుంది. తర్వాత ఇది గోరువెచ్చన అయ్యేదాకా ఆగాలి. ఆగకుండా షేక్ పొడి వేస్తే అది అక్కడికక్కడే ఉండకడుతుంది, ఎంత గిలకొట్టినా ఆ ఉండలు పోవు.

గోరువెచ్చన అయ్యాక అరటి గుజ్జు, పెరుగు, గుడ్డు వేసి చిలకండి. ఇక్కడి వరకు ఎంత చిలికినా నష్టం లేదు. ఇప్పుడు షేక్ పొడి, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి జల్లించి వేయండి. మన ఊరి గాలిలో తేమకు, తెరిచిన డబ్బాలో పొడి వారంలోనే గడ్డలు కడుతుంది, అందుకే జల్లెడ తప్పనిసరి. ఇక చిలకడం ఆపి, గరిటెతో అడుగు నుంచి పైకి ఇరవై సార్లు మడిచినట్టు కలిపితే చాలు. ఎక్కువ కొడితే వే ప్రొటీన్ నురగ కట్టి, ఓవెన్‌లో కేకులా పొంగి, బయటికి తీయగానే నడుమ కుంగిపోతుంది.

కలిపిన పిండి గారెల పిండి కన్నా పల్చగా, ఇడ్లీ పిండి కన్నా ఒక పిసరు చిక్కగా ఉండాలి. ఓట్స్ రకానికి ఇంకో 15 మిల్లీలీటర్ల పాలు పడతాయి. సోయా రకానికి 30 నుంచి 40 దాకా పట్టొచ్చు. సోయాతో చేసేటప్పుడు బేకింగ్ పౌడర్ లేకుండా కలిపి పది నిమిషాలు ఆగి, గట్టిపడ్డాక పాలతో సరిచేసి, అప్పుడు బేకింగ్ పౌడర్ కలిపి వెంటనే ఓవెన్‌లో పెట్టండి. పౌడర్ బదులు వంటసోడా వేయాలంటే చిటికెడు మించొద్దు. దానితో చర్య జరపడానికి ఇందులో పులుపు తక్కువే, మిగిలిపోయిన సోడా సబ్బు రుచి ఇస్తుంది.

పాల రకానికి 14 నుంచి 16 నిమిషాలు. సోయా, ఓట్స్ రకాలకు 18 నుంచి 20. పన్నెండో నిమిషం నుంచి చూడటం మొదలుపెట్టండి. అంచులు టిన్ను నుంచి విడివడుతూ, టిన్ను కదిపితే నడుమ కొద్దిగా వణకాలి. పుల్ల గుచ్చితే తడి పలుకులు అంటుకుని రావాలి. పుల్ల శుభ్రంగా వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైంది. థర్మామీటర్ ఉన్నవాళ్లు నడుమ 82 నుంచి 85 డిగ్రీల మధ్య తీసేయండి, గుడ్డు ఉడకడానికి అది ఎక్కువే, వే రబ్బరులా మారకుండా ఉండటానికి అది గీత. బయట ఇరవై నిమిషాలు టిన్నులోనే ఉంచితే మిగతా ఉడుకు దానంతటదే అవుతుంది. గంట ఆగి కోయండి. వేడి మీద కోస్తే ఏ రకమైనా జిగురుగానే కనిపిస్తుంది, దాన్ని పచ్చి అనుకుని మళ్లీ లోపల పెట్టి పాడుచేసుకుంటారు.

ఓవెన్ లేకపోతే మందపాటి పాత అల్యూమినియం గిన్నెలో రెండు కప్పుల రాళ్లుప్పు పరిచి, స్టాండు పెట్టి, మూత వేసి మధ్యస్థ మంట మీద పది నిమిషాలు వేడెక్కించి, టిన్ను పెట్టి సన్న మంట మీద 25 నిమిషాల దాకా ఉంచొచ్చు. కుక్కర్‌ను నీళ్లు లేకుండా పొయ్యి మీద పెట్టడం దాని ఆరోగ్యానికి మంచిది కాదు, గిన్నే మేలు. మూత లోపలి ఆవిరి చుక్కలు బ్రౌనీ మీద పడకుండా మూతకు పల్చటి గుడ్డ కట్టి, కొసలు మంటకు దూరంగా పైకి ముడేయండి.

మైక్రోవేవ్ కప్పు బ్రౌనీకి ఈ పొడులు అంతగా కుదరవు. 30 గ్రాముల ఓట్స్ రకం పొడి, టీస్పూను కోకో, పావు టీస్పూను బేకింగ్ పౌడర్, టీస్పూను నూనె, 60 మిల్లీలీటర్ల పాలు కలిపి 45 సెకన్లు పెడితే ఒక మాదిరిగా వస్తుంది. గుడ్డు వేయొద్దు, ఆమ్లెట్ వాసన కొడుతుంది. పాల రకం పొడితో అయితే ప్రయత్నించకండి.

గుడ్డు తిననివారికి అవిసె గింజల పొడి ఒక టేబుల్ స్పూను, నీళ్లు మూడు టేబుల్ స్పూన్లు కలిపి పది నిమిషాలు నానబెట్టి వాడితే పాల, ఓట్స్ రకాల్లో చక్కగా పట్టు ఇస్తుంది. సోయాలో మాత్రం అతిగా బంకగా మారుతుంది, అక్కడ ఇంకో 30 గ్రాముల పెరుగే నయం.

ఇప్పుడు అసలు లెక్క. షేక్ పొడి 100 గ్రాములకు 380 కేలరీలు, 35 గ్రాముల ప్రొటీన్ అనుకుంటే పై కొలతకు మొత్తం 565 కేలరీల దగ్గర తేలుతుంది. ముక్కకు 140 పైచిలుకు, ప్రొటీన్ 8 గ్రాములు. ఒక్కో ముక్కలో 15 గ్రాముల షేక్ పొడి ఉంది కాబట్టి, రెండు ముక్కలు 30 గ్రాముల ఒక స్కూపుతో సమానం. బేకరీ బ్రౌనీ 100 గ్రాములకు 400 కేలరీలు దాటుతుందని గుర్తుంచుకుంటే ఇది మంచి బేరమే. కానీ ఈ రెండు ముక్కలు ఒక పూట టిఫిన్‌కు బదులు తినాలి. ఇడ్లీ తిన్నాక పైన తినేవి కావు, షేక్ తాగి దానితో పాటు తినేవి అంతకన్నా కావు.

భోజనానికి బదులని చెప్పుకునే ఆహారంలో 200కు తగ్గకుండా, 400 మించకుండా కేలరీలు ఉండాలనీ, వాటిలో 25 నుంచి 50 శాతం ప్రొటీన్ నుంచి రావాలనీ అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 1991 నుంచి చెబుతోంది. మన రెండు ముక్కల్లో 283 కేలరీలు, అందులో ప్రొటీన్ వాటా 23, 24 శాతం. గీతకు ఒక్క అడుగు కింద. పక్కన ఉడికించిన గుడ్డు తెల్లసొన ఒకటి తింటే 300 కేలరీల్లోనే వాటా 27 శాతానికి చేరుతుంది. డబ్బా మీద రాసిన విటమిన్లన్నీ మాత్రం ముక్కలోకి రావు. విటమిన్ సీ, బీ1, ఫోలేట్ వేడికి తగ్గుతాయి. జీర్ణానికి మంచివని కలిపే ప్రొబయాటిక్‌లు ఓవెన్‌లో చచ్చిపోతాయి, వాటి కోసం ఎక్కువ ధర పెట్టి కొన్న పొడిని కాల్చడం దండగ. ఇనుము, కాల్షియం, జింక్ లాంటి ఖనిజాలకు ఏమీ కాదు.

తీపి చాలలేదని చాలామంది చేసే చేర్పులతో ఈ లెక్క తలకిందులవుతుంది. అనకాపల్లి బెల్లం చేతికందే దూరంలో ఉంది కాబట్టి రెండు చెంచాలు తురిమి వేయాలనిపిస్తుంది. బెల్లం 100 గ్రాములకు దాదాపు 380 కేలరీలు, పంచదారకూ దానికీ ఈ విషయంలో పెద్ద తేడా లేదు. బెల్లం మంచి వస్తువే, బరువు తగ్గించే వస్తువు మాత్రం కాదు. కోకో బదులు డ్రింకింగ్ చాక్లెట్ వేస్తే వెళ్లేది ఎక్కువగా పంచదారే. కాంపౌండ్ చాక్లెట్ చిప్స్ 15 గ్రాములు చల్లితే ఇంకో 75 కేలరీలు, పైగా అది కోకో బటర్ తీసేసి వేరే కొవ్వుతో చేసిన చాక్లెట్. నమలడానికి ఏదైనా తగలాలంటే రెండు వాల్‌నట్‌లు చిదిమి వేయండి, 50 కేలరీల దగ్గర ఆగుతుంది.

కొనేటప్పుడు మొదటే పెద్ద డబ్బా వద్దు. చిన్న ప్యాకెట్లు రెండు తెచ్చి ఒక్క వాయి చేసి చూడండి. ఖర్చు తేల్చడానికి ధరను గ్రాములతో భాగించి 60తో గుణిస్తే ఒక వాయికి పొడి ఖరీదు వస్తుంది, బ్రౌనీలో డబ్బు పోయేది చాలావరకు అక్కడే. సీలు, తేదీ, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు చూడకుండా తీసుకోవద్దు. ఎవరి ఇంట్లోనో డబ్బా విప్పి కవర్లలో పోసి ఇచ్చే విడి పొడి ఎంత చవగ్గా వచ్చినా వద్దు, అందులో ఏముందో చదివే వీలే లేదు. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా పూట భోజనాన్ని దేనితోనూ మార్చకూడదు. ఎదిగే పిల్లలకు పూట భోజనం బదులు ఈ ముక్కలు పెట్టొద్దు.

తెరిచిన డబ్బా ఫ్రిజ్‌లో పెట్టకండి. బయటికి తీసిన ప్రతిసారీ మన ఉక్కకు లోపల చెమ్మ పడుతుంది. బిగుతు మూత, పొడి చెంచా, పొయ్యికి దూరంగా ఉన్న అల్మారా చాలు. బ్రౌనీ సంగతి దీనికి వ్యతిరేకం. మామూలు బ్రౌనీని నిలవ ఉంచేది అందులోని పంచదారే, ఇందులో అది లేదు, పైగా అరటి, పెరుగు తడి ఉంది. చేసిన రోజు దాటితే బయట ఉంచొద్దు, వానాకాలంలో మర్నాటికే బూజు వాసన మొదలవుతుంది. ఫ్రిజ్‌లో మూడు రోజులు, విడివిడిగా బటర్ పేపర్‌లో చుట్టి ఫ్రీజర్‌లో నెల రోజులు ఆగుతాయి. చల్లగా తింటే గట్టిగా ఉంటాయి కాబట్టి ముక్క పక్కన చెంచాడు నీళ్లున్న కప్పు పెట్టి మైక్రోవేవ్‌లో పది సెకన్లు వెచ్చచేస్తే మెత్తదనం తిరిగొస్తుంది. పదిహేను సెకన్లు పెట్టారా, మళ్లీ ఆ రబ్బరే.